చెన్నై–విశాఖ ఓడకు ముందు టైంటేబుల్ వేయండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై నుంచి విశాఖపట్నానికి ఓడ నడపాలన్న మాట ఈ నగరంలోని తెలుగువాళ్ల మధ్య సంక్రాంతి దగ్గర పడినప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజులు కాస్తా 60 రోజులకు కుదించినా, భోగికి ముందు రెండు మూడు రోజుల బెర్తులు దొరకడం ఎప్పటిలాగే గగనంగా ఉంది. ప్రైవేటు బస్సుల టికెట్లు ఆ వారంలో ఏ ధర పలుకుతాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. దానికి తోడు 2022 జూన్‌లో ఒక విహార నౌక చెన్నై నుంచి బయలుదేరి విశాఖకు వెళ్లివచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రెండు ఊళ్లలోనూ రేవులున్నాయి, టెర్మినళ్లున్నాయి, మధ్యలో ఎవరూ వేయనక్కర్లేని దారి ఉంది, ఇక కావలసింది ఓడ ఒక్కటే అన్న అభిప్రాయం అందువల్ల బాగా బలపడింది.

ఉద్యోగ జీవితమంతా లింగిచెట్టి వీధిలో, రేవు సరుకులకు కస్టమ్స్ పనులు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గడిపినవాణ్ని కనుక రేవు పనుల గురించి నాకు కొంత తెలుసు. ఆ తెలిసినంత మేరకు చెప్పదలచినది ఇది: ఏ ఓడ కొనాలన్న చర్చ అన్నిటికంటే చివర రావాలి. మొదట రావలసింది టైంటేబుల్. అది కూడా ప్రయాణికులను కాక ఓడలో ఎక్కే సరుకు లారీలను లెక్కలో పెట్టుకుని వేసినది, ఏ నెలల్లో ఓడ నడవదో ముందే ఒప్పుకునేది అయి ఉండాలి. ఇది కొందరికి నిరుత్సాహంగా అనిపించవచ్చు. కానీ మన దేశంలో ఆర్భాటంగా మొదలై ఆగిపోయిన ఓడ సర్వీసులను చూస్తే, ఆగిపోవడానికి కారణం ఒడ్డునో వాతావరణంలోనో లెక్కల్లోనో కనిపిస్తుంది తప్ప ఓడలో కనిపించదు.

గుజరాత్‌లోని ఘోఘా–దహేజ్ ఉదాహరణ తీసుకుందాం. 2017 అక్టోబరులో ప్రధానమంత్రి చేతుల మీదుగా ఆ ఫెర్రీ మొదలైంది, మరుసటి ఏడాది వాహనాలను ఎక్కించుకునే ఓడ కూడా వచ్చింది. ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. నదులు తెచ్చే ఒండ్రు ఎంత తవ్వినా మళ్లీ పేరుకుంటుంది. దహేజ్ వైపు లోతు చాలక 2019లో ఆ సర్వీసు ఆపేశారు. తరువాత 2020 నవంబరులో అదే ఘోఘా నుంచి హజీరాకు మార్చి నడిపారు. అక్కడ రోడ్డు మీద 370 కిలోమీటర్లు చుట్టి రావలసిన దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది, పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటల్లోకి వచ్చింది. అంత లాభం ఉన్న చోట కూడా ఒక ఒడ్డు కుదరక రెండో ఒడ్డు వెతుక్కోవలసి వచ్చిందన్నది మనం గమనించాలి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ నాగపట్నం. అక్కడి నుంచి శ్రీలంకలోని కంకేసంతురైకి 2023 అక్టోబరు 14న వేగంగా వెళ్లే చిన్న ప్రయాణికుల ఓడ మొదలైంది. ఈశాన్య రుతుపవనాలు ముంచుకొచ్చే నెలలో మొదలుపెట్టారు కాబట్టి వారం తిరగకముందే ఆపేశారు. మళ్లీ నడవడానికి 2024 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ప్రారంభోత్సవానికి తేదీ నిర్ణయించినవారు వాతావరణ శాఖ క్యాలెండరు ఒక్కసారి చూసి ఉంటే ఆ వారం రోజుల ముచ్చట తప్పేది. అంతకు ముందు 2011 జూన్‌లో తూత్తుకుడి నుంచి కొలంబోకు పెద్ద ఓడే వేశారు; అది ఆ ఏడాది నవంబరు దాటలేదు.

ఇప్పుడు మన దారి సంగతి. చెన్నై రేవు నుంచి విశాఖ రేవుకు సముద్రం మీద నేరుగా సుమారు 325 నాటికల్ మైళ్లు, అంటే 600 కిలోమీటర్లు. రోడ్డు మీద 800 కిలోమీటర్లు, రైలు మార్గం కూడా ఇంచుమించు అంతే. ఘోఘా వాళ్లకు దూరం నాలుగో వంతు అయింది. మనకు నాలుగో వంతు మాత్రమే తగ్గుతుంది. రైలు పన్నెండు నుంచి పధ్నాలుగు గంటల్లో, ఒక రాత్రి నిద్రలో, విశాఖలో దించేస్తుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, దాదాపు 60 గంటల ప్రయాణమైనా జనం ఓడ ఎక్కుతున్నారంటే అక్కడికి రైలూ రోడ్డూ లేవు కాబట్టి. ఒకప్పుడు మన తీరంలోనూ స్టీమర్లు తిరిగాయి. మద్రాసు, కాకినాడ, విశాఖ, భీమిలి రేవులను తాకుతూ రంగూన్ దాకా వెళ్లేవి. కానీ 1900 నాటికి గోదావరి మీద రైలు వంతెన పడి మద్రాసు–కలకత్తా మార్గం పూర్తయ్యాక మద్రాసు నుంచి విశాఖ వెళ్లవలసినవాడికి స్టీమరు అవసరం తీరిపోయింది. ఆ రైలు ఈ రోజుకీ ఉంది. దానితో సమయంలో పోటీ పడి ఓడ గెలవలేదు.

గెలిపిస్తామనేవారు 35 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో పోయే, రెండు పడవలు జోడించినట్లుండే కాటమరాన్ ఓడల పేరు చెబుతారు. నీటిలో వేగం పెంచడానికి కావలసిన ఇంజను శక్తి ఇంచుమించు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 17 నాట్ల వేగాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు శక్తి కావాలి. సమయం సగమవుతుంది కనుక ఒక ట్రిప్పుకు నూనె ఖర్చు నాలుగు రెట్లవుతుంది. పైగా అలాంటి తేలిక ఓడలు అల ఎత్తు కొంచెం పెరిగితే రేవులోనే ఉండిపోవాలి. అంత ఖర్చు పెట్టినా దాదాపు పది గంటలు పడుతుంది. దానికి రెండు వైపులా రేవుకు చేరడం, తనిఖీలు, ఎక్కడం దిగడం కలుపుకుంటే రైలు కంటే మిగిలేది ఏమీ లేదు. విమానం ధర పెట్టి రైలు సమయంలో వెళ్లే ప్రయాణికుడు ఒకటి రెండు సార్లు సరదాకు వస్తాడు, ఆ తరువాత రాడు.

కనుక వేగం ఎంతన్నది ఇంజనీర్ల గొప్పను బట్టి కాక గడియారాన్ని బట్టి తేల్చుకోవాలి. ఒకే ఓడతో రెండు రోజులకోసారి ప్రతి రేవు నుంచి ఒకే సమయానికి బయలుదేరే సర్వీసు కావాలంటే, రానుపోను మొత్తం 48 గంటల్లో ముగియాలి. అంటే ఒక వైపు ప్రయాణం, ఒక రేవులో మకాం కలిపి 24 గంటలు. 17 నాట్ల వేగంతో 325 మైళ్లు 19 గంటలు. రేవులో దారి చూపే పైలట్ ఎక్కడం, ఓడను లాగే టగ్గు పడవల సాయంతో బెర్తుకు, అంటే ఓడ ఆగే గట్టుకు, చేరడం, మళ్లీ బయటపడడం కలిపి ఒక గంట వేసుకుంటే 20. రేవులో మిగిలేది నాలుగు గంటలు. వేగం 15 నాట్లకు తగ్గిస్తే రేవులో గంటన్నర కూడా మిగలదు. 20కి పెంచితే రేవులో ఏడు గంటలకు దగ్గరగా ఖాళీగా పడి ఉండడానికి అదనపు నూనె తగలేసినట్లవుతుంది. ఓడ పరిమాణం కూడా ఈ నాలుగు గంటలే చెబుతాయి. ఒక లారీ ర్యాంపు దిగడానికి సగటున రెండు నిమిషాలు, ఎక్కడానికి రెండు నిమిషాలు అనుకుంటే, 50 లారీలకు 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. మిగిలిన నలభై నిమిషాల్లో మంచినీళ్లు, చెత్త, కాగితాలు. 80 లారీల ఓడ తెస్తే అయిదు గంటలు దాటిపోతుంది. టైంటేబుల్ మొదటి వారంలోనే చెడిపోతుంది. అందుకే పెద్ద ఓడ, ఇంకా పెద్ద ఓడ అనే మాటలు వినగానే నాకు భయం వేస్తుంది.

లారీలే ఎందుకంటే, ఈ దారిలో ఓడ వల్ల నిజంగా మేలు పొందేవారు వాళ్లే కనుక. 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై నుంచి విశాఖకు 800 కిలోమీటర్లు. సరుకుతో ఉన్న పెద్ద లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే డీజిలే 200 లీటర్లు, ఇప్పటి ధరల్లో 18 వేల రూపాయల పైమాట. దాని మీద టోలు, డ్రైవరు, క్లీనరు బత్తాలు, టైర్ల అరుగుదల, దారి ఖర్చులు. ఓడ కిరాయి ఈ మొత్తానికి కొంచెం లోపల ఉంటే చాలు, యజమాని లెక్క వేసుకుంటాడు. డ్రైవరు ఇరవై గంటలు కాళ్లు చాపుకుని పడుకుని దిగుతాడు. సూళ్లూరుపేట, నెల్లూరు, ఒంగోలు మీదుగా తెల్లవారుజామున నిద్ర ఆపుకుంటూ నడిపే బండ్లు కొన్నయినా రోడ్డు మీద తగ్గుతాయి. డ్రైవరు అసలు రానక్కర్లేని పద్ధతి కూడా ఉంది: ఇంజను బండి ట్రెయిలరును ఓడలో వదిలి వెనక్కి వస్తుంది, విశాఖలో మరో ఇంజను బండి దాన్ని తగిలించుకుని పోతుంది. మనుషుల సంఖ్య తగ్గే కొద్దీ ఓడ ఖర్చు కూడా తగ్గుతుంది. పన్నెండు మంది కంటే ఎక్కువ ప్రయాణికులను ఎక్కించుకునే ఏ ఓడనైనా అంతర్జాతీయ నిబంధనలు ప్రయాణికుల నౌకగానే పరిగణిస్తాయి. లైఫ్‌బోట్లు, అగ్నిమాపక ఏర్పాట్లు, సిబ్బంది, అన్నీ ఆ మేరకు పెరుగుతాయి. అందుచేత ప్రయాణికుల సంఖ్యను రెండు వందలకు పరిమితం చేసి, సామానుతో కుటుంబాలుగా వెళ్లేవారికి, సొంత కారో బైకో తీసుకువెళ్లేవారికి, రైలు మెట్లు ఎక్కలేని పెద్దలకు ఆ చోట్లు ఇస్తే సరిపోతుందని నా ఉద్దేశం. ఇల్లు మారేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. సంక్రాంతి రద్దీ రెండు వందల చోట్లతో తీరదన్నది నిజమే. కానీ ఆ రద్దీ రెండు వేల చోట్లతోనూ తీరదు, అది రైల్వే వారు తీర్చవలసిన లెక్క.

ఇక బెర్తు. చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం వంటి దుమ్ము లేచే సరుకులను దించరాదని మద్రాసు హైకోర్టు 2011లో ఇచ్చిన తీర్పు తరువాత ఆ సరుకు ఎన్నూరు తదితర రేవులకు వెళ్లిపోయింది. చెన్నై నుంచి కార్లు ఎగుమతి చేసే ఓడలు తమ సొంత ర్యాంపు గట్టు మీదికి దించి వందల కార్లను ఎక్కించుకుపోవడం ఇక్కడివారికి కొత్త కాదు. చెన్నైలోనూ విశాఖలోనూ ఆటుపోట్ల తేడా సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మీటర్ల లోపే కనుక, ఘోఘాలో వలె ఖరీదైన తేలే వంతెనలు మనకు అక్కర్లేదు. బెర్తుకు లోటు లేదు, లోటంతా రోడ్డుకే. రాత్రి పూట ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద కాసిమేడు దాటి వెళ్లినవారికి ఆ దృశ్యం తెలుసు: రేవు జీరో గేటు నుంచి ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి ఎడమ వరుసంతా ఆక్రమించి ఉంటాయి, డ్రైవర్లు బండి నీడన కిరోసిన్ స్టవ్వు మీద అన్నం వండుకుంటుంటారు, క్యూ కదిలిందని వెనకవాడు హారన్ కొడితే సగం ఉడికిన గిన్నె గుడ్డతో పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కుతారు. ఫెర్రీ లారీ కూడా ఈ వరుసలోనే నిలబడవలసి వస్తే నేను పైన వేసిన లెక్కలన్నీ వృథా. రేవు నుంచి మదురవాయల్ దాకా వేయవలసిన ఎత్తైన రహదారి 2009 నుంచి నలుగుతూ ఇప్పుడు పనుల్లో ఉంది. అది పూర్తయ్యే వరకు ఆగమనడం లేదు గానీ, కంటైనర్ల గేటుతో సంబంధం లేకుండా ఫెర్రీకి వేరే గేటు, గేటు లోపలే బండ్లు ఆగడానికి స్థలం, అక్కడే లారీలను తూచే వేబ్రిడ్జి ఉండాలని టెండరుకు ముందే రాసుకోవాలి.

నగరంలోకి పగటివేళ భారీ వాహనాల రాకపై ఆంక్షలున్నాయి కనుక, ఓడ రాత్రి ఎనిమిదికి చేరి అర్ధరాత్రి బయలుదేరడం చెన్నైకి సరిపడుతుంది. దిగిన లారీలకు రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎక్కవలసినవి చీకటి పడ్డాక వస్తాయి. అర్ధరాత్రి చెన్నై వదిలిన ఓడ మరునాడు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో గోదావరి సంగమానికి ఎదురుగా, తీరానికి పదిహేను మైళ్ల దూరంలో ఉంటుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాలు ఉన్న ఆ ప్రాంతాన్ని వెళ్లేటప్పుడు పట్టపగలు దాటడం మంచిదే. తిరుగు ప్రయాణంలో మాత్రం తెల్లవారకముందే దాటవలసి వస్తుంది, దానికి తగిన కాపలా పెట్టుకోవాలి.

సముద్రం విషయంలో మొహమాటం పనికిరాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఏం జరుగుతుందో చెన్నై, విశాఖ రెంటికీ అనుభవమే. 1881 నవంబరు తుఫాను అప్పుడే కడుతున్న మద్రాసు రేవు గోడలను బద్దలు కొట్టింది; తూర్పు వైపు ఉన్న ముఖద్వారాన్ని మూసి ఈశాన్యం వైపు తెరిపించే పని రేవు ట్రస్టు అధ్యక్షుడు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాం దాకా సాగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది, 2016 డిసెంబరు 12న వర్దా చెన్నైని తాకింది, 2023 డిసెంబరులో మిచాంగ్ చెన్నైని ముంచి బాపట్ల దగ్గర తీరం దాటింది. 2012 అక్టోబరు 31న నీలం తుఫానులో లంగరు నిలవక ఒక ట్యాంకరు బీసెంట్ నగర్ ఇసుకలోకి కొట్టుకొచ్చిన సంగతి, ప్రాణాలు దక్కించుకోబోయి దాని నావికులు కొందరు చనిపోయిన సంగతి ఇక్కడివారు మరిచిపోలేదు. తుఫాను హెచ్చరిక వస్తే రేవు లోపలి ఓడలను బయటికి, నడి సముద్రంలోకి పొమ్మంటారు. లోపల ఉంటే గట్టుకు కొట్టుకుని ఓడా బెర్తూ రెండూ పాడవుతాయి. అందుచేత టైంటేబుల్ జనవరి మొదటి వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా మాత్రమే వేసి, మిగిలిన మూడు నెలలూ సర్వీసు లేదని టికెట్టు మీదే అచ్చు వేయాలి. మే నెలలోనూ తుఫానులు వస్తాయి కనుక ఆ నెలలో రద్దయిన ట్రిప్పుకు డబ్బు తిరిగి ఇచ్చే నియమం, ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఓడ కదలదన్న నియమం ముందే ప్రకటించాలి. సంక్రాంతికి, ఉగాదికి, వేసవి సెలవులకు ఓడ ఉంటుంది; దసరాకు, దీపావళికి ఉండదు. జనం దీన్ని అర్థం చేసుకుంటారు. ఉంటుందని చెప్పి రేవు దాకా రప్పించి లేదంటేనే అర్థం చేసుకోరు. ఆగిన మూడు నెలల్లో ఓడకు పనేమీ లేకపోదు. ప్రయాణికుల నౌకకు ఏటా తనిఖీలు తప్పవు. స్వతంత్ర భారతంలో మొదటి ఓడ ‘జలఉష’ను 1948లో నీటిలోకి దించిన యార్డు, నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్, విశాఖలోనే ఉంది, అక్కడ ఓడను నీరు లేకుండా నిలిపి బాగుచేసే డ్రైడాక్ ఉంది.

వరదల్లో రోడ్డూ రైలూ తెగినప్పుడు ఓడే దిక్కవుతుందని కొందరు వాదిస్తున్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, కోవూరు దగ్గర జాతీయ రహదారి దెబ్బతిన్నప్పుడు చెన్నైకీ కోస్తాకూ మధ్య రాకపోకలు నిలిచిపోయిన మాట వాస్తవం. కానీ రోడ్డును తెంపే ఆ వాయుగుండమే ఓడనూ రేవు దాటనివ్వదు. అది పోయిన రెండు మూడు రోజులకు సముద్రం నెమ్మదించి రోడ్డు ఇంకా బాగుపడని వ్యవధిలో సహాయ సామగ్రి పంపడానికి ఓడ ఉపయోగపడవచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

భద్రత గురించి ఒక్క విషయమే చెబుతాను, అది లాషింగ్. లారీ డెక్కు మీదికి రాగానే చక్రాలకు ముందు వెనక దిమ్మెలు పెట్టి, చాసిస్ నాలుగు మూలల నుంచి గొలుసులు లాగి డెక్కులోని రింగులకు బిగించాలి. బిగించిన గొలుసును చేత్తో పట్టి ఊపితే కదలకూడదు. సముద్రం నున్నగా ఉన్న రోజు ఈ పని దండగ అనిపిస్తుంది, రెండు గొలుసులతో సరిపెడతారు. ఒక్క లారీ ఒరిగి పక్క లారీ మీద పడితే ఓడ బరువంతా ఒక పక్కకు జరుగుతుంది. 2014 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో సెవోల్ ఫెర్రీ మునిగి 304 మంది చనిపోవడానికి మోతాదుకు మించిన సరుకు, దాన్ని సరిగా కట్టకపోవడం ముఖ్య కారణాలు. 1987లో బెల్జియం రేవు జేబ్రుగా నుంచి వాహనాల తలుపు మూయకుండానే బయలుదేరిన ఓడ బోల్తాపడి 193 మంది పోయారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు, 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం గుర్తుంటే చాలు. కనుక గేటులోని వేబ్రిడ్జి మీద ఎక్కువ బరువు చూపిన లారీని వెనక్కి పంపే అధికారం ఓడ కెప్టెన్‌కు ఉండాలి, ఆ నిర్ణయంలో టికెట్ల ఏజెంటుకు ప్రమేయం ఉండకూడదు. రెండు నిమిషాలకో లారీ అన్న నా లెక్కలో ఈ గొలుసుల పనికి వేరే మనుషుల జట్టు ఉంటుందన్న అంచనా ఇమిడి ఉంది; జట్టును తగ్గిస్తే నిమిషాలు పెరుగుతాయి.

చేపలవేట చేసేవారిని అడగకుండా ఈ దారి గీయడం తప్పు. కాసిమేడు నుంచీ నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాల నుంచీ కాకినాడ, విశాఖల నుంచీ వేల పడవలు రాత్రిళ్లు వలలు వేసి ఉంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కనుక ఆ రెండు నెలలూ ఇబ్బంది తక్కువ. మిగిలిన కాలంలో 17 నాట్ల వేగంతో వచ్చే ఓడ వలను తెంపుకుపోతే పడవవాడికి ఆ నెల సంపాదన పోతుంది. మధ్య దారిలో ఓడ తీరానికి చాలా దూరంగా పోతుంది గనుక చిక్కంతా రెండు రేవుల ముఖద్వారాల దగ్గర, గోదావరి సంగమం దగ్గర. అక్కడ ఓడ ఏ గీత మీద, ఏ గంటకు వస్తుందో మత్స్యకార గ్రామాల పెద్దలతో కూర్చుని తేల్చుకోవాలి. రెండు రోజులకోసారి ఒకే గంటకు వచ్చే ఓడ అయితే దానికి తగినట్లు వల వేసుకోవడం వాళ్లకు తెలుసు, టైంటేబుల్ పాటించని ఓడతోనే గొడవ.

డబ్బు సంగతి ప్రభుత్వాలు చూసుకోవలసినది. ఓడ కొనవద్దు, మొదటి తొమ్మిది నెలలకు అద్దెకు తీసుకోండి అని మాత్రం అడుగుతాను. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు, రెండు రేవుల యాజమాన్యాలు ఆ తొమ్మిది నెలల నష్టాన్ని ఏ నిష్పత్తిలో పంచుకుంటాయో ముందే కాగితం మీద పెట్టాలి. నష్టం రాదనే పథకాన్ని నేనైతే నమ్మను.

అంతకంటే ముందు చేయగలిగిన చవకైన పని ఒకటుంది. చెన్నై రేవుకు వచ్చే వాహనాల ఓడలలో సరుకు లారీల బరువు మోయగల ర్యాంపు, డెక్కు ఉన్నదాన్ని ఒక రాత్రికి అడిగి తీసుకుని, మన రోడ్డు మీద నడిచే మామూలు లారీలు 50 పిలిపించి, రాత్రి ఎనిమిది నుంచి వాటిని తూచి, ఎక్కించి, గొలుసులు బిగించి, విప్పి, దించి చూడాలి. విశాఖ ఔటర్ హార్బర్‌లోనూ ఇదే చేయాలి. రెండు చోట్లా పని అర్ధరాత్రి లోపు ముగిస్తే ఈ టైంటేబుల్‌తో టెండరు పిలవవచ్చు. ముగియకపోతే ఎన్ని లారీల దగ్గర గడియారం పన్నెండు కొట్టిందో రాసుకుని, అన్ని లారీలకే ఓడ వెతకాలి.

ఇట్లు,
విశ్రాంత షిప్పింగ్ ఉద్యోగి,
పాత వాషర్‌మన్‌పేట, చెన్నై.